మొటిమల మాత్రకీ కీళ్ళనొప్పులకీ లింకు ఎట్టా బయటపడింది

మా అక్క కూతురు కావలిలో డిగ్రీ చదవతా ఉంది, మొటిమలకి ఏడాదిపైనే మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర మింగింది, మొదట డాక్టర్ రాసిందే, తర్వాత ఆ పాత చీటీ చూపించే మెడికల్ షాపులో తెచ్చుకుంటా వచ్చింది. పోయిన వేసవిలో పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, సాయంత్రానికి జ్వరం, అందరం చికెన్‌గున్యా అనుకున్నాం. నెల్లూరు పొగతోటలో కీళ్ళ డాక్టర్ దగ్గరికి తీసకపోతే ఆయన ముందు అడిగింది మొటిమలకేమన్నా వాడతన్నావామ్మా అని. ఆ ప్రశ్న యాడినుంచి వచ్చిందా అని అప్పట్నించీ చదవతానే ఉన్నా.

మినోసైక్లిన్ టెట్రాసైక్లిన్లనే యాంటీబయాటిక్ వంశంలోది, ఆ వంశం మొదలైంది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు రీసెర్చ్ నడిపించిన అమెరికా లెడర్లీ ల్యాబ్‌లోనే, మొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ 1948లో అక్కడినుంచే వచ్చింది. మినోసైక్లిన్ కూడా వాళ్ళదే, 1970ల మొదట్లో అమ్మకానికొచ్చింది. కొవ్వులో బాగా కరిగి చర్మంలోకి దిగతది గనక మొటిమలకి రాయడం మొదలుపెట్టారు, అదీ వారం పది రోజులకి కాదు, నెలల తరబడి. అసలు చిక్కంతా ఆ నెలల్లోనే ఉంది.

లూపస్ అంటే రోగనిరోధక శక్తి మన ఒంటిమీదే తిరగబడే జబ్బు, కీళ్ళనొప్పులూ జ్వరం తెస్తది. మందు వల్ల లూపస్ లాంటి జబ్బు రావడం 1950లలోనే హైడ్రలజీన్ అనే బీపీ మాత్రతో చూశారు. మినోసైక్లిన్ మీద మాత్రం ఇరవై ఏళ్ళదాకా ఎవరికీ అనుమానం రాలా. 1992లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో దీనిమీద రాశారు, 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లివర్ వాపు కేసులు కూడా కలిశాయి, ఒంట్లోని రోగనిరోధక శక్తే లివర్ మీద తిరగబడే రకం అది. 2007లో బ్రిటన్‌లో 97 వేల పైచిలుకు మొటిమల పేషెంట్ల రికార్డులు చూస్తే మినోసైక్లిన్ వాడినోళ్ళలో లూపస్ రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ కనపడింది, అదే వంశంలోని డాక్సీసైక్లిన్‌తో అట్టా కనపళ్ళా. రెట్లు అన్నానని భయపడొద్దు, వాడినోళ్ళలో చాలామందికి ఏమీ కాదు, వచ్చినా మందు ఆపితే ఎక్కువమందికి తగ్గిపోద్ది. 1982లో వచ్చిన ఐసోట్రెటినోయిన్ అనే ఇంకో మొటిమల మాత్ర మీద కూడా పేగుల జబ్బు తెస్తదని అమెరికాలో కేసులు పడ్డాయిగానీ తర్వాత జరిగిన పెద్ద స్టడీల్లో ఆ లింకు నిలబళ్ళా.

మా పిల్లకి డాక్టర్ మాత్ర ఆపించి లూపస్ లాంటి జబ్బుని పట్టుకోడానికి చేసే ఏఎన్ఏ అనే రక్తపరీక్షా లివర్ టెస్టులూ రాశాడు, రెండు మూడు నెలలకి వేళ్ళు దారికొచ్చాయి. అంతకుముందు ఇంకో ఇద్దరు డాక్టర్లు ఏం మందులు వాడతన్నావని అడిగారంట, మొహానికి వేసుకునేదే కదా, కీళ్ళకేం సంబంధం అని ఇది వాళ్ళకి చెప్పనే లేదంట.