మైదానం పోయాకే ఫోన్ వచ్చింది

పిల్లలు లావెక్కుతున్నారన్న మాట రాగానే అందరి వేలూ ఫోన్ వైపే చూపిస్తుంది. తెలుగు నేల మీద జరిగిన వరస చూస్తే ఫోన్ చివర్లో వచ్చింది. ముందు ఆడుకునే చోటు పోయింది. తర్వాత సాయంత్రాలు పోయాయి. ఖాళీ అయిన ఆ చోట్లోకి తెర వచ్చి చేరింది. ఈ వరస తెలియకుండా ఫోన్ ఒక్కటే లాక్కుంటే పిల్లాడు లేచి పరిగెత్తడు, ఎందుకంటే పరిగెత్తడానికి చోటూ లేదు, తోడూ లేదు.

టీవీ మన పల్లెల్లోకి వచ్చినప్పుడు అది ఊరి సొత్తు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా ప్రసారాలు అందించారు. ఊరంతటికీ ఒకటే పెట్టె, దాని ముందు ఊరి జనం. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. అప్పుడూ కార్యక్రమాలకు ఒక వేళ ఉండేది, అయిపోతే పిల్లలు వీధిలోకి వెళ్లేవారు. 1995లో తెలుగు ప్రైవేటు ఛానెళ్లు వచ్చాయి. కేబుల్ ఇంటింటికీ చేరాక టీవీకి 'అయిపోవడం' అన్నది లేకుండా పోయింది.

అయినా పిల్లల సాయంత్రాలను ఎక్కువగా మింగింది టీవీ కాదు, పరీక్ష. 1986లో ఎంసెట్ మొదలయ్యాక ఇంటర్ చదువు మొత్తం ర్యాంకు చుట్టూ తిరిగింది. ఆ పోటీ కిందికి దిగుతూ దిగుతూ 'ఐఐటీ ఫౌండేషన్' పేరుతో ఆరో తరగతి దాకా వచ్చింది. బడి వదిలాక స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్ట్. బళ్లు కూడా అద్దె భవనాల్లోకి, అపార్ట్‌మెంట్లలాంటి అంతస్తుల్లోకి చేరాయి. టైమ్‌టేబుల్లో గేమ్స్ పీరియడ్ కనబడుతుంది, పోర్షన్ మిగిలిపోతే లెక్కల సారు తీసుకునేది కూడా ఆ పీరియడ్‌నే.

చట్టం దీన్ని ఆపలేకపోయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాశారు. ఎన్ని గజాలుండాలో రాయలేదు. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలన్న నిబంధన ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వంద దాటిన బడికే. పరుగు నేర్వాల్సిన వయసు ఒకటి నుంచి ఐదో తరగతి. ఆ పిల్లలకు షెడ్యూలులో వ్యాయామ బోధకుడే లేడు. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ ఒక్క ఖాళీ.

ఆ తర్వాత రెండు తేదీలు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో మూడు నుంచి పదో తరగతి దాకా దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు సాగాయి. అప్పటిదాకా 'చూడొద్దు' అన్న తెరనే 'చూడు' అని చేతికివ్వక తప్పలేదు. బళ్లు తెరిచాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా ఇళ్లలో కుదరలేదు.

తెరకూ బరువుకూ ఉన్న లంకె మీద శాస్త్రజ్ఞుల దృష్టి పాతదే. 1985లో అమెరికాలో డీట్జ్, గోర్ట్‌మేకర్ టీవీ గంటలు పెరిగిన కొద్దీ పిల్లల్లో ఊబకాయం పెరుగుతోందని చూపారు. 1999లో అచ్చయిన రాబిన్సన్ ప్రయోగం ఇంకా లోతైనది. కాలిఫోర్నియాలోని రెండు బళ్లలో మూడు, నాలుగు తరగతుల పిల్లలను తీసుకుని, ఒక బడిలో మాత్రం టీవీ, వీడియో గేముల వేళ తగ్గించేలా ఆరు నెలలు పాఠాలు చెప్పారు. రెండో బడితో పోలిస్తే అక్కడి పిల్లల బరువు పెరుగుదల నెమ్మదించింది. వాళ్ల ఆటలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్పష్టంగా తగ్గినవాటిలో ఒకటి, టీవీ ముందు కూర్చుని తినడం.

మన ఇళ్లకు ఇది నేరుగా తగులుతుంది. ఫోన్ పెడితేగానీ ముద్ద దిగని పసివాణ్ణి చూడండి. కళ్లు తెర మీద, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కడుపు నిండిన పిల్లాడు మొహం తిప్పుకుంటాడు, పెదవులు బిగిస్తాడు, ముద్ద బుగ్గన పెట్టుకుంటాడు. తెర ముందు ఈ మూడు గుర్తులూ తెలియకుండా పోతాయి, గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించేస్తాం. ఫోన్ తీసేశాక మొదటి కొన్ని రోజులు బిడ్డ తక్కువే తింటాడు. భయపడి మళ్లీ ఫోన్ పెట్టడమే అందరూ చేసే పొరపాటు. అరగంటలో గిన్నె తీసేయండి, తర్వాతి పూటకు ఆకలి తనే వస్తుంది. రెండేళ్లలోపు తెర అసలొద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంట మించవద్దనీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమనే నాయనమ్మలను తప్పుపట్టడం నాకు ఇష్టముండదు. వాళ్లు ఆకలి చూసిన తరం. 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తొలి దశాబ్దాల్లో పోరాడింది తిండి చాలక పిల్లల ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్‌తో, జొన్న తినే పేదల్లో వచ్చే చర్మవ్యాధి పెల్లాగ్రాతో. ఆకలి ఇంకా పోలేదు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో అధిక బరువు పిల్లలు 3.4 శాతం. అంతకు ముందు సర్వేలో అది 2.1.

కంటితో చూసి చెప్పే బరువు నమ్మదగ్గది కాదు. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, నెత్తి మీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీయండి. కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించండి, వచ్చేదే బీఎంఐ. పదేళ్ల అబ్బాయి 140 సెంటీమీటర్లు, 38 కిలోలు ఉంటే 19.4 వస్తుంది. పెద్దవాళ్ల లెక్కలో అది మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్ల అబ్బాయికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. మన పిల్లల వైద్యుల సంఘం 2015లో సొంత పట్టికలు వేసింది. తక్కువ బరువుకే మనవాళ్లకు మధుమేహం వస్తుందని అందులో అధిక బరువు, ఊబకాయం గీతలను పెద్దల బీఎంఐ 23, 27కు సరిపోయేలా పెట్టింది.

ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అప్పుడే అది లెక్కలోకి వస్తుంది. గ్రౌండ్‌లో గడిపిన పీరియడ్ అంతా కదలిక కాదు. ఖోఖోలో రెండు జట్లూ కలిపి 18 మంది ఆడుతున్నా ఒక్కసారికి పరిగెత్తేది నలుగురే: తరిమేవాడొకడు, తప్పించుకునేవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లు గొంతుక్కూర్చుంటారు, లేదా గీత బయట ఎదురుచూస్తారు. కబడ్డీ కూతలోనూ ఒకడిదే పరుగు. అవి మంచి ఆటలే, కానీ నలభై మందికి నలభై నిమిషాలే ఉన్నప్పుడు నేలా-బండా, నాలుగు స్తంభాలాట, ఏడు పెంకులాట మేలు. నాలుగు స్తంభాలాటకు ఐదుగురు చాలు. నలభై మందిని ఎనిమిది గుంపులు చేసి, స్తంభాలు లేకపోతే సుద్దముక్కతో నాలుగేసి సున్నాలు గీస్తే చాలు, ఏ పిల్లాడూ వంతు కోసం నిలబడడు. దీనికి పెద్ద గ్రౌండ్ కూడా అక్కర్లేదు, ప్రార్థన జరిగే జాగా సరిపోతుంది.