డెలీరియం తీవ్రతకు కొలత ఎలా వచ్చింది

తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన అర్ధరాత్రి సెలైన్ పైపు పీకేసి ఇంటికి పోతానని గొడవ చేస్తే వార్డంతా లేస్తుంది. పక్క మంచం మీద పిలిచినా సరిగా పలకకుండా మగతగా పడి ఉన్న ముసలమ్మను మాత్రం 'నీరసంలే, పడుకోనీ' అని వదిలేస్తారు. ఇద్దరిదీ డెలీరియమే, అంటే హఠాత్తుగా కమ్ముకునే అయోమయ స్థితే కావచ్చు. ఎవరిది ఎక్కువ తీవ్రమో అంకెల్లో చెప్పడానికి డాక్టర్లు చాలాకాలం తడుముకున్నారు.

డెలీరియం అంటే మెదడు పనితీరు మందగించడమేనని 1959లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఎంగెల్, రొమానో అనే డాక్టర్లు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తరంగాలు నెమ్మదించడం చూపి వాదించారు. కానీ రోజూ ప్రతి మంచం దగ్గరా ఈఈజీ తీయడం అయ్యే పనా? 1980లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితా డీఎస్ఎం-3 దీన్ని స్పష్టమైన లక్షణాలున్న జబ్బుగా నమోదు చేసింది. 1988లో సైకియాట్రిస్టు పౌలా ట్రెపాజ్ బృందం పది అంశాల రేటింగ్ స్కేల్ తెచ్చింది. అందులో ఓ చిక్కుంది: ఎగిరిపడే రోగికీ కదలని రోగికీ ఒకే గడి. 2001లో వచ్చిన సవరించిన స్కేల్ ఆ రెంటినీ విడదీసింది. తీవ్రతకు 13 అంశాలు, రోగ నిర్ధారణకు 3 విడివిడిగా పెట్టింది.

ఈలోగా 1990లో డాక్టర్ షారన్ ఇనోయే బృందం డెలీరియం ఉందో లేదో మంచం దగ్గరే తేల్చే క్యామ్ పద్ధతి తయారుచేసింది. సైకియాట్రిస్టు అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. హఠాత్తుగా మొదలై హెచ్చుతగ్గులవడం, ధ్యాస నిలవకపోవడం తప్పనిసరి. వాటితో పాటు మాటల్లో పొంతన లేకపోవడమో స్పృహలో తేడానో ఉండాలి. నా లెక్కలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. అయితే జవాబు మాత్రం ఉంది, లేదు అన్నంతవరకే. నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిందా అంటే అది చెప్పలేదు.

ఆ లోటు 2014లో క్యామ్‌కే తీవ్రత మార్కులు జోడించిన క్యామ్-ఎస్ తీర్చింది. చిన్న రూపంలో 0 నుంచి 7, పెద్ద రూపంలో 0 నుంచి 19 మార్కులు. స్పృహ విషయంలో అతిగా అప్రమత్తంగా ఉన్నా, మగతగా ఉన్నా ఒకటే మార్కు. 70 ఏళ్లు దాటిన రోగుల్లో స్కోరు పెరిగేకొద్దీ ఆస్పత్రిలో ఉండే రోజులు, మరణాలూ పెరిగాయని తేలింది.

ధ్యాస పరీక్షకు నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటారు. బడి మొహం చూడని మన పెద్దవాళ్లలో కొందరికి జబ్బు లేకపోయినా అది కష్టమే. స్కేళ్ల మధ్య పొత్తూ కుదరలేదు. కేన్సర్ వార్డుల్లో వాడే, 1997 నాటి ఎండీఏఎస్ అనే మరో తీవ్రత స్కేల్ 30 మార్కులది. దాని స్కోరును క్యామ్-ఎస్ స్కోరు పక్కన పెట్టి నేరుగా పోల్చడానికి వీల్లేదు.