వాన లెక్క: తాలూకా సీసా నుంచి మండలం సీసా దాకా

నవంబరులో వాయుగుండం పట్టిందంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానతో పాటు ఒక తగవూ మొదలవుతుంది. చెరువుకట్టకు గండి పడిన ఊరివాళ్లు రాత్రంతా కుండపోత అంటారు, మండలం రిజిస్టరులో ఓ మాదిరి జల్లు పడినట్టు ఉంటుంది. పడమటి మెట్టల్లో ఇదే తిరగబడుతుంది. చేలో పదును ఉండదు, కాగితం మీద మాత్రం వాన ఉంటుంది. కరువు మండలాల ప్రకటనకూ వాతావరణ ఆధారిత పంటల బీమాకూ ఈ కొలతలు కావాలి కాబట్టి తగవు చిన్నది కాదు.

ఇందులో సాధారణంగా ఎవరూ అబద్ధం చెప్పరు. పాత ప్రకాశం జిల్లా విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు, మండలాలు 56. సగటున 315 చదరపు కిలోమీటర్ల నేలకు చాలాకాలం ఒక్క రెయిన్ గేజే, అంటే సీసా మీద పెట్టిన ఒక్క గరాటే సాక్ష్యం చెప్పింది. దాని మూతి జానెడు కూడా ఉండదు. వాతావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడ సంఘంగా కూడితే ముందుగా పట్టుకోవలసిన పని తుపాను అంచనాలు కాదు, ఈ కొలతే.

వాన కొలవడం కోసం జనం కూడిన చరిత్ర పాతదే. బ్రిటన్‌లో వాతావరణ సొసైటీ 1850లో పుట్టింది. పదేళ్ల తరువాత జార్జ్ జేమ్స్ సైమన్స్ అనే యువకుడు దేశమంతటా వాన కొలిచేవాళ్లను వెతికి, 1860 సంవత్సరానికి 168 చోట్ల లెక్కలు సేకరించాడు. 1900లో ఆయన చనిపోయేనాటికి ఆ సంఖ్య 3 వేలు దాటింది. వాళ్లలో చాలామంది జీతం లేని ఔత్సాహికులు. ఆయన అందరిచేతా ఒకే తీరులో కొలిపించాడు. అందుకే ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం సాధ్యమైంది.

మన తాలూకా కచేరీల్లో కనిపించిన, మూతి 5 అంగుళాలుండే రెయిన్ గేజ్‌కు ఆయన పేరే ఉంది. కానీ ఆయన కూడగట్టిన ఔత్సాహికుల పద్ధతి గేజ్‌తో పాటు ఇక్కడికి రాలేదు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడిన మరుసటేడే ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు (ధాత కరువు) మొదలైంది. నెల్లూరు జిల్లా కూడా అందులో నలిగింది. సర్కారుకు వాన లెక్క శిస్తు కోసం, కరువు పనుల కోసం కావలసి వచ్చింది. కాబట్టి గేజ్ తాలూకా కచేరీ ఆవరణలోనే ఉండిపోయింది. చెరువు పరీవాహకంలో ఎంత కురిసిందో చెప్పడం దాని పని కాదు. కంభం చెరువునే చూడండి: నీళ్లు నల్లమల వైపు నుంచి గుండ్లకమ్మలో వస్తాయి, కంభం ఊళ్లో పడే వాన దాని నిండుదలకు కొలబద్ద కాలేదు.

పాత లెక్కలు తీసేవాళ్లు ఇంకోచోట తడబడతారు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, తరువాత గుంటూరుకు వెళ్లింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. కాబట్టి కందుకూరు, కనిగిరి, దర్శి పాత లెక్కలు నెల్లూరు పేరున, మార్కాపురం, గిద్దలూరు లెక్కలు కర్నూలు పేరున వెతకాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో హద్దులు మళ్లీ మారాయి. ‘జిల్లా సగటు తగ్గింది’ అనే ముందు రెండు సగటులూ ఒకే నేలవేనా అని చూసుకోవాలి. గూడూరు, సూళ్లూరుపేట చేరిన నెల్లూరు, అవి లేని నెల్లూరు వానలో ఒకటి కావు. అందుకే జిల్లా పేరు వదిలేసి వాన కొలిచిన కేంద్రం పేరుతో లెక్క కట్టడమే మేలు. అంగుళాల కాలపు రిజిస్టర్లలో ‘సెంటు’ అంటే అంగుళంలో నూరో వంతు, 0.254 మి.మీ. ఇప్పుడు 2.5 మి.మీ. పడితేనే ‘వాన రోజు’ అనడం ఆ 10 సెంట్ల నుంచి వచ్చిందే.

గడియారం సంగతి మరీ ముఖ్యం. రోజూ ఉదయం 8.30కి కొలుస్తారు, అప్పటిదాకా గడచిన 24 గంటల వాన ఆ తేదీన పడుతుంది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. ఆ కాలంలో తీరం వెంట తెల్లవారుజామున వాన జోరు ఎక్కువ. మూడింటికి మొదలై పదకొండుకు ఆగిన ముసురు రిజిస్టరులో రెండు తేదీలుగా చీలిపోతుంది. ఊరికి అది ఒక్కటే వాన. 204.5 మి.మీ. దాటితే ‘అత్యంత భారీ’ అంటారు. చీలిన రెండు ముక్కలకూ ఆ పేరు దక్కకపోవచ్చు.

ఇక సీసా. ఇప్పటి ఫైబర్ గేజ్‌లు రెండు రకాలు: మూతి 200 చదరపు సెం.మీ. ఉన్నదానిలో 1 మి.మీ. వానకు 20 మి.లీ. నీళ్లు చేరతాయి, 100 ఉన్నదానిలో 10 మి.లీ. ఒకదాని కొలగ్లాసుతో ఇంకోదాన్ని కొలిస్తే వాన సగమో రెట్టింపో అవుతుంది. గ్లాసు పగిలినప్పుడు చేతికందినది తేవడంతోనే ఈ తప్పు జరుగుతుంది. 200 మూతికి 4 లీటర్ల సీసా పెడితే సరిగ్గా 200 మి.మీ.కు నిండిపోతుంది. పైన పొర్లింది అడుగుపాత్రలో ఉంటుంది, దాన్నీ కొలిచి కలపాలి. తుపాను మర్నాడు రిజిస్టరులో అచ్చంగా 200 కనిపిస్తే పొర్లిన నీళ్లు పారబోశారేమోనని అనుమానించాలి.

మేడ మీద పెట్టిన గేజ్‌ను నమ్మకండి. గాలి గరాటు అంచు మీద పైకి ఎగదన్ని చినుకులను దాటించేస్తుంది, గాలి పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తున, మట్టంగా ఉండాలి. ఇంకా కిందికి దించితే నేలమీద పడి చిట్లిన నీళ్లు లోపలికొస్తాయి. చెట్టుగానీ గోడగానీ గేజ్ అంచు కంటే ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరం వదలాలి. గేజ్ పెట్టిన నాడు బాగానే ఉన్న చోటు, పక్కన సర్కారు తుమ్మ పెరిగి నాలుగేళ్లలో చెడిపోతుంది.

ఆటోమేటిక్ కేంద్రాల్లో చిన్న తొట్టి నిండి బోర్లపడినప్పుడల్లా ఒక లెక్క. జడివానలో తొట్టి తిరిగేలోపు కొంత నీరు లెక్కకు అందకుండా జారిపోతుంది, కాబట్టి పెద్ద వానలను అది తక్కువ చూపే అవకాశం ఉంది. ఆకూ దుమ్మూ గరాటు కంతను మూసేస్తే నిన్నటి వాన ఇవాళంతా బొట్లుబొట్లుగా నమోదవుతుంది. పరీక్ష సులువు: 200 చదరపు సెం.మీ. మూతి, 0.5 మి.మీ. వానకు ఒకసారి బోర్లపడే తొట్టి ఉంటే 400 మి.లీ. నీళ్లు సన్నగా పోయండి, 40 సార్లు బోర్లపడాలి.

సొంత ఊరి గేజ్ ఒక్కటే అన్నిటికీ జవాబు చెప్పదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిల దాటి వచ్చాయి, నెల్లూరు పక్కన కోవూరు వైపున్న పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. ఆ వరదను తెచ్చిన వానలో ఎక్కువ భాగం కడప, చిత్తూరు ఎగువల్లో పడింది. కోవూరువాళ్లకు తమ గేజ్ ఎంత అవసరమో ఆ ఎగువ గేజ్‌లూ అంతే అవసరం.

కొలిచేవాళ్లు నోటుబుక్కులో తేదీ, కొలిచిన గంట, మి.మీ., వాన మొదలైన వేళ, ఆగిన వేళ రాస్తే చాలు. వాన లేని రోజు ‘0’ వేయాలి. ఊరెళ్లి కొలవకపోతే గీత గీసి ‘కొలవలేదు’ అనాలి, తిరిగొచ్చాక సీసాలో ఉన్నదాన్ని ‘ఇన్ని రోజుల మొత్తం’ అని రాయాలి. గడి ఖాళీగా వదిలితే అది సున్నాయో, సెలవో తరువాత ఎవరూ తేల్చలేరు. కనిగిరి, పామూరు వంటి చోట్ల వరస పొడి రోజులు ఎన్నో లెక్కపెట్టాలంటే కావలసింది ఆ సున్నాలే.