మనోవర్తి అడగనని రాసిస్తే చెల్లుతుందా? మద్రాసు 1911 నుంచి బెంగళూరు దాకా

బెంగళూరులో ప్రీనప్, అంటే పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం, మాట మళ్ళీ లేచింది. 2024 డిసెంబరులో, భార్యతో కోర్టు కేసుల మధ్య ఇక్కడి టెకీ ఒకరి మరణంతో రాజుకున్న మంట ఇది, పూర్తిగా ఆరిందెప్పుడూ లేదు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు సంబంధాల్లో జాతకం, జీతం స్లిప్పు తర్వాత మూడో కాగితం అడిగేవాళ్ళు కనిపిస్తున్నారు. "ముందే రాసుకుంటే తర్వాత గొడవుండదు కదండీ" అన్నది అబ్బాయి వైపు మాట. వినడానికి బాగానే ఉంటుంది.

అలాంటి ముసాయిదా ఒకటి ఈమధ్య నా చేతికొచ్చింది. ఈ-స్టాంప్ కాగితంతో కలిపి ఎనిమిది పేజీలు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. ఫ్లాట్ అబ్బాయి పేరు మీద బుక్ చేశారు. డౌన్ పేమెంట్‌లో సగం అమ్మాయి తండ్రి తెనాలి దగ్గర పొలం అమ్మి సర్దాడు. ఆ సంగతి ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు. చివరి పేజీలో మాత్రం 'భవిష్యత్తులో విడిపోయిన పక్షంలో మనోవర్తి గానీ శాశ్వత భరణం గానీ కోరను' అని ఉంది. దాని కింద అమ్మాయి సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

గొడవంతా ఆ వాక్యం మీదే.

హిందూ వివాహం సంస్కారమా, ఒప్పందమా అనే పాత చర్చ అందరూ విన్నదే, దాని జోలికి వెళ్ళను. మన దగ్గర ప్రీనప్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు, గోవా సంగతి వేరు. అక్కడ పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ప్రకారం ఆస్తి ఎలా ఉండాలో పెళ్లికి ముందే రాసుకోవచ్చు. మిగతా దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అడ్డొస్తుంది. ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు అంటుందది. ఆ రెండు మాటల అర్థం ఏమిటన్నది కోర్టులే చెబుతూ వచ్చాయి.

ఇక్కడ లాయర్లు తరచూ ఎత్తే పేరు మద్రాసు హైకోర్టు. 1911 నాటి లా రిపోర్టుల్లో ఉంది ఆ తీర్పు. భార్య కాపురానికి రావాలని భర్త దావా వేశాడు. రాజీ కుదిరింది. ఆమె వస్తుంది, మళ్ళీ విడిగా ఉండాల్సి వస్తే అతను కొంత సొమ్ము ఇస్తాడు. ఆ సొమ్ము కోసం ఆమె కోర్టుకెక్కితే, రాబోయే ఎడబాటుకు ముందే వెల కట్టిన ఒప్పందం ఇది, ప్రజా విధానానికి విరుద్ధం, అమలు చేయం అన్నారు. అప్పటి నుంచి 'విడిపోవడం గురించి ముందే రాసుకుంటే చెల్లదు' అనేది సూత్రంలా స్థిరపడింది. ప్రీనప్ కావాలనేవాళ్ళు ఈ తీర్పును పాతకాలపు ఛాందసమంటారు. కానీ ఆ రోజు నష్టపోయింది ఎవరో చెప్పరు. కాగితం చేతిలో ఉండీ డబ్బు రానిది భార్యకే.

ఇంకొంచెం వెనక్కి వెళితే మనవాళ్ళ కథే వస్తుంది. ఇల్లరికం. ఆస్తి చూసుకుంటాడని అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, కొడుకుతో సమానంగా వాటా ఇస్తామని మాట ఇవ్వడం రెడ్లలో, కమ్మవారిలో ఆచారం. ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు పంతొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించింది. పెళ్లితో ముడిపడిన ఆస్తి ఒప్పందం మనకు కొత్త కాదన్నమాట. కానీ 1901లో కలకత్తా హైకోర్టు ముందుకు, భర్త ఎప్పటికీ అత్తవారింట్లోనే ఉంటాడని పెళ్లికి ముందు రాసిన ఒప్పందం వస్తే చెల్లదని కొట్టేసింది. ఆస్తి పంపకం ఆచారంగా నిలిచింది, కాపురాన్ని కాగితంతో కట్టేయడం నిలవలేదు.

నా దృష్టిలో అసలు మలుపు 1911 కాదు, 2013. అదీ కర్ణాటక నుంచి వెళ్ళిన కేసు. మనోవర్తి కేసు నడుస్తుండగా ఒక భార్య ఒకేసారి 8,000 రూపాయలు తీసుకుని, ఇకపై ఏమీ అడగనని 1994లో రాసిచ్చింది. ఎనిమిది వేలు! తర్వాత గడవక, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ కింద మళ్ళీ దావా వేసింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 2,000 ఇమ్మంది. 'ఆమె సంతకం పెట్టింది కదా' అంటూ భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. మనోవర్తి హక్కును వదిలించే ఒప్పందం ప్రజా విధానానికి విరుద్ధం, దాన్ని అడ్డం పెట్టుకోలేరు అని సుప్రీంకోర్టు తేల్చింది. 1911లో భార్యకు రావాల్సింది ఆపిన ఆ రెండు మాటలే నూరేళ్ళ తర్వాత ఆమెకు గొడుగు పట్టాయి. ఎనిమిదో పేజీ వాక్యం బలం ఎంతో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అదే ఏడాది ఆగస్టులో వివాహ చట్టాల సవరణ బిల్లు రాజ్యసభలో గట్టెక్కింది. పెళ్లి కోలుకోలేనంతగా విఫలమైతే భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. లోక్‌సభ దాటలేదు, 2014తో మురిగిపోయింది. ఫలితంగా ఇవాళ్టికీ మన చట్టంలో 'దంపతుల ఆస్తి' అనేది లేదు. ఎవరి పేరు మీద ఉంటే వారిదే. ఈఎంఐ ఎవరు కట్టారు, డౌన్ పేమెంట్ ఎవరు తెచ్చారు అన్నది రుజువు చేసుకోవాల్సిన భారం పేరు లేనివాళ్ళదే.

కాబట్టి ఈ ఒప్పందాలకు అసలు పనికొచ్చే చోటు వేరే ఉంది. ఎవరు ఏం తెచ్చారో రాసుకోవడం. 1985లో వరకట్న నిషేధ చట్టం కింద నిబంధనలొచ్చాయి: పెళ్లి కానుకల జాబితా రాయాలి, ఇచ్చింది ఎవరో, విలువ సుమారు ఎంతో పెట్టాలి, వధూవరులు సంతకం చేయాలి. ఈ జాబితా రాసిన పెళ్లి నేను ఇప్పటికి ఒక్కటీ చూడలేదు. మండపం పక్కన కుర్చీ వేసుకుని నోటు పుస్తకంలో చదివింపులు రాసే బాబాయి మాత్రం ప్రతి పెళ్లిలో ఉంటాడు, నూటపదహార్లతో సహా వదలడు. ఆ పుస్తకానికున్న శ్రద్ధలో పావు వంతు ఆ జాబితాకు ఉంటే చాలు.

పెళ్లి తర్వాత రాసుకునేవి ఇంకా తేలిక. ఫ్లాట్‌లో సగం భార్యకు రిజిస్టరు దానపత్రం ద్వారా రాసిస్తే అదే గట్టి పత్రం, దానికి ప్రీనప్ అని పేరు పెట్టక్కర్లేదు. 1976 సవరణతో వచ్చిన పరస్పర అంగీకార విడాకుల్లో కుదుర్చుకున్న షరతులు కూడా కోర్టు చూసి ఒప్పుకున్నాకే బలం పుంజుకుంటాయి. 2020 నవంబరు నుంచైతే మనోవర్తి కేసుల్లో ఇరువైపులా ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో పెట్టాల్సిందే. ముందు ఏ కాగితం రాసుకున్నా ఆ అఫిడవిట్ తప్పదు.

2023లో ఢిల్లీ కుటుంబ న్యాయస్థానం ఒకటి పెళ్లికి ముందు ఒప్పందాలను తప్పనిసరి చేసే సమయం వచ్చిందని వ్యాఖ్యానించింది. అబ్బాయి వైపువాళ్ళు ఆ వార్త కటింగే పంపిస్తున్నారు. అది చట్టం కాదు, వ్యాఖ్య.

ఆ ముసాయిదా సంగతి. అమ్మాయి తండ్రి ఎక్కువేమీ అడగలేదట. పొలం అమ్మిన డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చాడు, ఆ బదిలీ వివరాలు మొదటి పేజీలో రాయండి, అప్పుడు ఎనిమిదో పేజీ గురించి మాట్లాడుకుందాం అన్నాడు. "మా లాయర్‌ని అడిగి చెబుతాం అన్నయ్యగారూ" అన్నారు వియ్యాలవారు. అది చెప్పి మూడు వారాలైంది.