ఆ చెయ్యి ఊపింది మీకు కాదు: రైలు సిబ్బంది ఫొటోలు, అపోహలు - వాస్తవాలు

మాది చెన్నైలో పెరంబూరు. రాత్రి గాలి ఇటు తిరిగితే వ్యాసర్పాడి జీవా దాటుతున్న బండి హారన్ ఇంట్లోకి వినపడుతుంది. ఇంజన్ల ఫొటోలు పదకొండేళ్లుగా తీస్తున్నాను, వాటిని నడిపే, కాచే మనుషుల ఫొటోలు ఓ ఆరేళ్లుగా. ఇంజన్ ఫొటో చెడితే మన షాట్ పోతుంది, అంతే. మనిషి ఫొటోలో తేడా వస్తే ఆ ఇబ్బంది ఫొటోలో ఉన్నాయన పడాలి. కొత్తగా కెమెరాలు పట్టుకొచ్చే కుర్రాళ్లు ఎప్పుడూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: ఇంజన్లోంచి చెయ్యి ఊపారంటే మన కెమెరాని చూసే.

చాలాసార్లు కాదు. ఆగని బండి స్టేషన్ దాటుతుంటే అక్కడి సిబ్బంది పగలు పచ్చజెండా, రాత్రి పచ్చదీపం పట్టుకుని నిలబడతారు. ఇంజన్లోంచి దానికి బదులు రావాలి. దీన్నే ‘ఆల్‌రైట్’ మార్చుకోవడం అంటారు. చక్రం దగ్గర పొగ వస్తున్నా, ఏదైనా వేలాడుతున్నా కింద జెండాతో నిలబడ్డ పాయింట్స్‌మన్‌కే (స్టేషన్‌లో పట్టాల మలుపులు చూసే ఉద్యోగి) ముందు కనపడుతుంది. అప్పుడు పచ్చ బదులు ఎర్ర చూపిస్తాడు. చెయ్యి కిటికీ బయట కాకుండా ముందు అద్దం వెనక చాచి కనిపిస్తే అది సిగ్నల్ పలకడం: ఇంజన్లో ఉన్న ఇద్దరిలో ఒకరు రంగు చెబితే రెండోవాళ్లు అదే తిరిగి చెప్పాలి.

మనవాళ్లు చేసే పని ఏమిటంటే, సరిగ్గా జెండా మనిషి ముందుకెళ్లి నిలబడి తామూ చేతులూపడం. ఆయన వెనక, రెండడుగులు పక్కగా నిలబడండి. జెండా, కిటికీలోని చెయ్యి రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. నా ఫొటోల్లో నాకు నచ్చినవన్నీ అక్కడినుంచి తీసినవే.

మరొకటి. మన ఎలక్ట్రిక్ ఇంజన్లలో లోకో పైలట్ (బండి నడిపే డ్రైవరు) సీటు, బండి వెళ్లే దిశలో చూస్తే, ఎడమవైపు. కుడి కిటికీలో మొహం తీసి కింద ‘లోకో పైలట్’ అని రాస్తే అది దాదాపుగా పక్కన ఉండే అసిస్టెంట్ లోకో పైలటే. ఇలా రాసి నేనూ ఒకసారి నవ్వులపాలయ్యాను.

అపోహ: ఫ్లాష్ వాడకపోతే చాలు, ఇంకేం ప్రమాదం లేదు.

ఫ్లాష్ ఎలాగూ వద్దు. చీకట్లో సిగ్నల్ కోసం చూస్తున్న కళ్లలోకి కొట్టే వెలుగు అది. కానీ అంతకన్నా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. రైల్వే జనరల్ రూల్స్ ప్రకారం రాత్రిపూట తెల్లదీపాన్ని ఒంటికి అడ్డంగా జోరుగా ఊపినా ‘ఆపు’ అనే అర్థం. పగలు రెండు చేతులూ తలపైకెత్తి నిలబడినా అంతే. ఇప్పుడు ఫోన్‌ని రెండు చేతులతో తలపైకెత్తి వీడియో తీసే మనిషిని, టార్చి వెలిగించిన ఫోన్ ఊపుతూ ‘ఇటు చూడండి సార్’ అని అరిచే మనిషిని గుర్తు తెచ్చుకోండి. లోకో పైలట్ గుండె జారుతుంది. మోచేతులు ఒంటికి ఆనించి తీస్తే ఈ గొడవా ఉండదు, ఫొటో కూడా వణకదు. పైన తీగలో 25,000 వోల్టులుంటాయి, సెల్ఫీ స్టిక్కు ఇంట్లోనే వదిలేయండి.

అపోహ: ముందే అడిగితే సహజత్వం పోతుంది. తెలియకుండా తీసిందే ఫొటో.

నేనూ చాలాకాలం ఇదే అనేవాణ్ని. మూడేళ్ల కిందట, మే నెల మధ్యాహ్నం, సెంట్రల్‌లో ఒక ఇంజన్ క్యాబ్‌లో (డ్రైవర్లు కూర్చునే గది) కుర్ర అసిస్టెంట్ బూట్లు విప్పి, స్టీలు క్యారేజీలో పెరుగన్నం తింటున్నాడు. కిటికీలోంచి పడే ఎండ గిన్నె అంచు మీద మెరుస్తోంది. దూరంనుంచి లెన్సు బిగించి లాగేశాను. బండి నంబరు, తేదీతో సహా నలుగురికీ పంచాను. పదిహేను రోజుల తర్వాత అతని స్నేహితుడు కనిపించి, “ఆ ఫొటో మీదేనా అన్నా? పైనుంచి వాడికి సంజాయిషీ కాగితం వచ్చింది” అన్నాడు. నేను చూడనే లేదు: గిన్నె పక్కన డెస్కు మీద ఫోన్ ఉంది. డ్యూటీలో క్రూ ఫోన్ ఆపేసి ఉంచాలి. అతనిది ఆపేసే ఉందట. కానీ ఫొటోలో ఆపేసిన ఫోనూ నడుస్తున్న ఫోనూ ఒకేలా ఉంటాయి కదా. నా దగ్గరున్నది చెరిపేశాను, గ్రూపుల్లో తిరిగేదాన్ని ఏం చేయగలను?

అప్పట్నుంచి అడక్కుండా తీయను. తీశాక తెర మీద చూపిస్తాను. బూట్లు, హెల్మెట్, నారింజ జాకెట్, ఫోన్, చేతిలో సిగరెట్... మనకన్నా వాళ్ల కళ్లే ముందు పట్టుకుంటాయి. మొహమూ ఇంజన్ నంబరూ తేదీ ఒకేచోట పెట్టను.

అడగడానికీ ఓ సమయం ఉంది. బయల్దేరే ముందు బ్రేకు పరీక్ష జరుగుతుండగా పలకరించకండి. డ్యూటీ దిగి బ్యాగుతో రన్నింగ్ రూమ్ (సిబ్బంది విశ్రాంతి గది) వైపు నడుస్తున్న మనిషికి కావాల్సింది నిద్ర. ఈ రెండింటి మధ్య ఎక్కడో దొరుకుతారు. గూడూరు వైపు బళ్ల దగ్గర “అన్నా, ఏ ఊరు?” అంటే సగం పని అయినట్టే. మొదటి ఫొటోకి ఎలాగూ బిగుసుకుపోయి నిలబడతారు. అదీ తీయండి, వాళ్లకి కావాల్సింది అదే. తర్వాత పనిలోకి తిరిగినప్పుడు మీ ‘సహజం’ దానంతటదే వస్తుంది.

అపోహ: ప్లాట్‌ఫారం టికెట్ ఉంటే ఎక్కడైనా తీయొచ్చు.

ఆ టికెట్ రెండు గంటలు ప్లాట్‌ఫారం మీద ఉండటానికి. పట్టాల మీదికి దిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్: ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. క్యాబ్‌లోకి రమ్మని ఎవరైనా అభిమానంతో పిలిచినా ఎక్కకండి, ఇరుక్కునేది పిలిచినాయనే.

అపోహ: ఇప్పుడు ‘గార్డు’ అనకూడదు.

2022 జనవరి నుంచి పదవి పేరు ట్రైన్ మేనేజర్. కింద రాసేటప్పుడు అదే రాయండి. మాటల్లో వాళ్లే గార్డు అనుకుంటారు.

అపోహ: ఆడవాళ్లు నడిపితే అది ప్రత్యేక ఫొటో.

మన దేశంలో రైలు నడిపిన మొదటి మహిళగా పేరున్న సురేఖా యాదవ్ 1989లోనే అసిస్టెంట్ డ్రైవర్‌గా చేరారు. ఏటా మార్చి 8న కెమెరాలన్నీ ఒక్క క్యాబ్ ముందు మూగడం చూస్తే నాకు నవ్వొస్తుంది. మార్చి 9న కూడా వాళ్లు డ్యూటీకి వస్తారు.

అపోహ: పట్టాలు బాగుచేసే గ్యాంగ్ పనిలో ఫొటోకి ఏముంది, కంకర తప్ప?

పొన్నేరి దగ్గర ఒక లెవెల్ క్రాసింగ్ ఉంది. గేటు అవతల, రోడ్డు మీదే నిలబడి తీస్తాను. ఓ ఉదయం గ్యాంగ్ స్లీపర్ల కింద కంకర కూరుతోంది. విజిల్ వినపడగానే అందరూ పనిముట్లు పట్టాల నుంచి తీసి ఒకే పక్కకి తప్పుకుని, వచ్చే బండి వైపు మొహాలు పెట్టి నిలబడ్డారు. ఎవరూ పక్క లైను మీద నిలబడలేదు, అటునుంచి ఇంకో బండి రావచ్చు. నేను తీసింది ఆ నిలబడ్డ వరసనే.

కాసేపటికి కీమ్యాన్ వచ్చాడు, రోజూ పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే మనిషి. భుజాన పొడుగు సుత్తి, సంచిలో జెండాలు, చక్రం కింద పేలి హెచ్చరించే డిటోనేటర్లు. తెర చూపిస్తే రెండు వేళ్లతో తన మొహాన్ని పెద్దది చేసి చూసుకున్నాడు. వెనక నీలాకాశం శుభ్రంగా ఉంది.

“ఇందులోంచి పాస్‌పోర్ట్ సైజు వస్తదా సార్?” అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఎనిమిది కాపీలు ఇచ్చి వచ్చాను.