దించి ఎక్కించిన ఇంజిన్ ఎందుకు మొరాయిస్తుంది?

రాయగడలో మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లి కారుకు పూజ చేయించాలని మా చిన్నాన్న అప్పటికే కొబ్బరికాయలు కొని డిక్కీలో పెట్టుకున్నారు. ఆయన పాత అంబాసిడర్ ఇంజిన్‌ను దింపి, విజయనగరం పంపి బోరింగు (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను తొలిచి సరిచేయడం) చేయించి, మళ్లీ రాయగడలోనే ఒక షెడ్డులో ఎక్కించారు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక శబ్దం వచ్చింది, అంతే. హెడ్‌లైట్లు మాత్రం కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి. హారన్ మోగుతోంది. బ్యాటరీలో లోపం లేదు కాబట్టి, అంత డబ్బు పోసి చేయించిన ఇంజినే బిగుసుకుపోయిందని చిన్నాన్న దిగులుపడ్డారు.

షెడ్డు మేస్త్రి ఇంజిన్ జోలికి వెళ్లలేదు. ఇంకోసారి సెల్ఫ్ కొట్టించి, డాష్‌బోర్డు నుంచి ఇంజిన్‌కు పోయే చోక్ తీగను వేలితో తాకి చూశాడు. "మాస్టారూ, మీరూ ఒకసారి పట్టుకుని చూడండి" అన్నాడు. తీగ వెచ్చగా ఉంది. తొడుగు నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన సన్నగా వస్తోంది.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన ఇంజిన్‌కూ, దించి ఎక్కించాక కదలని ఇంజిన్‌కూ జబ్బులు వేరు. మొదటిదాన్ని అరుగుదలో, వేడో, మురికో ఆపి ఉంటుంది. రెండోదాన్ని చాలాసార్లు ఆపేది మనం విప్పి బిగించిన చోటే. అందుకే ఖరీదైన భాగాలను అనుమానించే ముందు, చేయి పడిన చోట్లన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ రావాలి. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇదే.

ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. సెల్ఫ్ మోటారు తీసుకున్న కరెంటు ఇంజిన్ నుంచి బాడీకి, అక్కడి నుంచి బ్యాటరీకి తిరిగి రావాలంటే మధ్యలో ఒక మందపాటి ఎర్త్ పట్టీ ఉండాలి. షెడ్డులో ఇంజిన్‌కు నీటుగా రంగు వేసి, ఆ రంగు మీదే పట్టీ బిగించారు. దాంతో దారి మూసుకుపోయిన కరెంటు, ఇంజిన్‌నూ బాడీనీ కలిపే చోక్ తీగ గుండా తిరిగి రావాలని చూసింది. లైట్ల కరెంటు బాడీ నుంచి నేరుగా బ్యాటరీకి పోతుంది, ఇంజిన్‌ను తాకదు. అవి వెలిగినంత మాత్రాన సెల్ఫ్‌కు దారి ఉన్నట్టు కాదు.

పట్టీ పూర్తిగా తెగిపోనక్కర్లేదు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. అతుకు దగ్గర 0.02 ఓముల నిరోధం ఉన్నా చాలు, 12 వోల్టుల్లో 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. అంత చిన్న నిరోధం మామూలు మీటరులో సరిగ్గా కనబడదు కూడా. బ్యాటరీ ఎర్త్ కొస నుంచి ఇంజిన్ మీది రంగు లేని లోహానికి మందపాటి జంపర్ కేబుల్ పట్టి సెల్ఫ్ కొట్టి చూడడం తేలికైన పరీక్ష. మోటారు అప్పుడు జోరుగా తిరిగితే దోషం పట్టీదే. మేస్త్రి పట్టీ విప్పి, రంగు గీకి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాడు.

వెంటనే స్టార్టు చేయలేదు. ప్లగ్గులు విప్పి, నిప్పురవ్వ పడకుండా కాయిల్ తీగ ఊడదీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాడు. కొత్త బేరింగులకు ఆయిల్ అందకముందే ఇంజిన్ పరుగెత్తితే చేయించిన పనంతా పాడవుతుంది. ఈ రెండు నిమిషాల పనిని మాత్రం ఎవరూ తొందరపడి వదిలేయకూడదు.

ఇక అన్నీ బిగించి సెల్ఫ్ కొడితే ఇంజిన్ చక్కగా తిరిగింది, కానీ అందుకోలేదు. కార్బురేటర్ నోట్లోంచి ఫట్‌మని మంట ఎగజిమ్మింది. పెట్రోలు వస్తోంది, ప్లగ్గుల దగ్గర నిప్పురవ్వా పడుతోంది. పడవలసిన సమయానికి పడడం లేదు.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఆ నాలుగూ పూర్తి కావడానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకొసకు చేరుతుంది. ఒకసారి గాలినీ పెట్రోలునూ నొక్కిపెడుతుంది, ఇంకోసారి కాలిన పొగను బయటికి తోస్తుంది. పిస్టన్ పైకొసకు చేరిందని చూపే, క్రాంక్ పుల్లీ మీది గుర్తు మాత్రం రెండుసార్లూ ఒకేచోటికి వస్తుంది. గుర్తును నమ్మి డెల్కోను (ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచే భాగాన్ని) తిప్పే ఇరుసును దించితే సగం చుట్టు తేడా రావచ్చు. నొక్కుడు ముగిసేటప్పుడు పడవలసిన నిప్పు, పొగ పోయి, గాలినీ పెట్రోలునూ లోపలికి తీసుకునే వాల్వు తెరుచుకునే వేళకు పడుతుంది. మంట వెనక్కి తన్నేది అందుకే.

డిస్ట్రిబ్యూటర్‌ను షెడ్లలో డెల్కో అంటారు. అది అమెరికాలో చార్లెస్ కెటరింగ్ భాగస్వామిగా 1909లో మొదలైన డేటన్ ఇంజినీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ పేరుకు పొట్టి రూపం. 1912 కాడిలాక్ కార్లకు కరెంటుతో తిరిగే సెల్ఫ్‌ను అమర్చింది కూడా ఆయనే. ఆ పేరు ఇన్నేళ్లూ మన మెకానిక్‌ల నోట నిలిచి ఉండడం నాకు ఎంతో ఇష్టం.

మేస్త్రి కాయిల్ తీగ మళ్లీ ఊడదీసి, మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, నా బొటనవేలు ఆ రంధ్రం మీద గట్టిగా పెట్టించాడు. కుర్రవాడు పుల్లీని స్పానర్‌తో మెల్లగా తిప్పాడు. మొదటి చుట్టులో గుర్తు దాటిపోయినా వేలి కింద ఏమీ తెలియలేదు. రెండో చుట్టులో లోపలి గాలి ఒత్తిడి పెరుగుతూ వచ్చి, వేలిని పక్కకు తోసి బుస్సుమని బయటపడింది. కుర్రవాణ్ణి గుర్తు దగ్గర ఆపమని మేస్త్రి డెల్కో మూత తీశాడు. లోపల తిరుగుతూ ఒక్కో తీగకూ నిప్పు అందించే రోటర్ ఒకటో తీగ వైపు చూడాలి. నాలుగో తీగ వైపు చూస్తోంది.

అంబాసిడర్ నిప్పు వరుస 1-3-4-2. ఒకటికి ఎదురుగా నాలుగు, మూడుకు ఎదురుగా రెండు ఉంటాయి. మూత మీద ఈ జతల తీగలను అటూ ఇటూ మార్చినా సరిపోతుంది. మేస్త్రి ఒప్పుకోలేదు. మరో రోజు ఇంకో మెకానిక్ చూస్తే తికమక పడతాడని ఇరుసునే పైకి లాగి సరిగ్గా దించాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది. ఈసారి సెల్ఫ్ తగలగానే ఇంజిన్ అందుకుంది.

ఇప్పటి కార్లలో డెల్కో లేదు. చాలావాటిలో క్రాంక్‌తో తిరిగే చక్రానికి 60 పళ్ల చోటుంటుంది, అందులో రెండు పళ్లు కావాలనే తీసేస్తారు. పక్కనున్న క్రాంక్ సెన్సర్‌కు ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. అయితే అది నొక్కే చుట్టా, పొగ తోసే చుట్టా అన్నది ఆ చక్రం చెప్పలేదు. దాన్ని, వాల్వులను తెరిచే క్యామ్ ఇరుసు దగ్గరుండే క్యామ్ సెన్సర్ చెబుతుంది. ఆనాడు రంధ్రం మీద పెట్టిన బొటనవేలు చేసిన పని అదే. ఇలాంటి ఇంజిన్ ఎక్కించాక స్టార్టు కాకపోతే ఎర్త్ పట్టీ తరువాత ఈ రెండు సెన్సర్ల ప్లగ్గులు పూర్తిగా కూర్చున్నాయో లేదో, వాటి తీగలు ఎక్కడైనా నలిగాయో చూడండి.