కదలని కుర్చీలో పరుగు: ఇంటి వీఆర్ ఆటలకు కదలిక జతచేయాలన్న ప్రయత్నం వెనుక కథ

గత దసరా సెలవుల్లో విజయనగరంలో మా అక్కగారింటికి వెళ్లినప్పుడు, ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మేడమీది గదిలో నన్నొక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తలకు, కళ్లెదుట తెరలుండే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ బిగించి, రోలర్ కోస్టర్ ఎక్కించాడు. బండి పట్టాల మీద మెల్లగా పైకెక్కినంతసేపు బాగానే ఉంది. శిఖరం దాటి కిందికి దూకగానే పడిపోతున్నామని కళ్లు చెప్పాయి, కుర్చీ మాత్రం ఉన్నచోటే ఉంది. రెండో మలుపుకు నుదుట చెమట పట్టింది, మూడో మలుపుకు మధ్యాహ్నం తిన్న పులిహోర గొంతుదాకా వచ్చింది. హెడ్‌సెట్ ఊడదీయబోతుంటే, "ఏటి మావయ్యా, అప్పుడే తీసేస్తన్నావు? ఉండు, కుర్చీ నేనూపుతాను" అని వాడు వెనక నిలబడి, కంప్యూటర్ తెరమీద అదే బొమ్మను చూస్తూ కుర్చీని అటూ ఇటూ వంచసాగాడు. వాడి చెయ్యి ప్రతి మలుపు దగ్గరా బొమ్మకంటే అర క్షణం వెనకబడింది. ఈసారి నేను రెండో మలుపుదాకా కూడా ఆగలేకపోయాను.

వీఆర్ హెడ్‌సెట్‌కు కదిలే సీటు, నడవడానికి వీలైన పళ్లెం, ఒంటికి తగిలించుకునే ట్రాకర్లు (కదలికను కనిపెట్టే పరికరాలు) జతచేసి ఇంట్లోనే ఆడుకోవాలన్న ఆలోచన ఇవాళ కొత్త సరుకుగా కనిపిస్తుంది గానీ, దాని చరిత్రంతా ఆ అర క్షణం చుట్టూనే తిరిగింది. విచిత్రమేమిటంటే ఈ చరిత్రలో కదలిక ముందు పుట్టి, కళ్లకు కట్టే బొమ్మ తరవాత పుట్టింది. ఇంటి గడప దాటి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం ఆ వరుస తారుమారై, బొమ్మ ముందు వచ్చి కూర్చుంది, కదలిక వాకిట్లోనే నిలబడిపోయింది.

లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవలయ నాళాలు తల తిరుగుళ్లను కనిపెడతాయి. వాటి పక్కనే ఉన్న సన్నని స్ఫటికాల పొరలు వంపునూ వేగంలో మార్పునూ పసిగడతాయి. ఈ సమాచారమూ కళ్లు పంపే సమాచారమూ ఒకదానితో ఒకటి పొసగనప్పుడు కడుపులో తిప్పుతుందన్న సిద్ధాంతాన్ని 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు విస్తరించి రాశారు గానీ, మన ప్రాంతంలో దాని అనుభవం ఎవరికి లేదు? సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే బస్సులో నిమ్మకాయ వాసన చూస్తూ తల వంచుకుని కూర్చున్నవారికి చెవి మలుపు చెబుతుంది, కన్ను ముందుసీటు వీపునే చూస్తుంది. పడవలో కడుపు తిప్పినవాడిని దూరపు దరిని చూడమనేదీ ఇందుకే. పైడితల్లి అమ్మవారి సిరిమాను కొసన, యాభై అడుగులకు పైబడిన మాను చివర కూర్చుని మూడు లాంతర్ల నుంచి కోటదాకా ఊగుతూ వెళ్లే పూజారికి మాత్రం కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి. హెడ్‌సెట్‌లో జరిగేది ఘాట్ బస్సుకు సరిగ్గా తలకిందులు: కన్ను మలుపు చెబుతుంది, చెవి ఏమీ లేదంటుంది.

కదిలే యంత్రాల కథ 1929లో అమెరికాలోని బింగమ్‌టన్ పట్టణంలో మొదలైంది. ఎడ్విన్ లింక్ తండ్రిది పియానోలూ ఆర్గన్లూ తయారుచేసే కర్మాగారం. ఆర్గన్‌లో గాలిని నడిపే తిత్తులతోనే కొడుకు ఒక చిన్న విమానం నమూనాను పీఠం మీద ఎక్కించి, లోపల కూర్చున్నవాడు కర్ర కదిపిన కొద్దీ అటూ ఇటూ వంగేటట్టు చేశాడు. పైలట్లకు శిక్షణ ఇవ్వడానికని ఆయన చేసిన ఆ పెట్టెకు మొదట్లో గిరాకీ వచ్చింది వినోద పార్కుల నుంచి; అంటే పుట్టుకతోనే అది జాతర వస్తువు. 1934లో అమెరికా సైన్యం తపాలా విమానాలు నడిపే బాధ్యత తీసుకుని, చెడు వాతావరణంలో పైలట్లను వరుసగా పోగొట్టుకున్న తరవాతే ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం నాటికి వేల సంఖ్యలో తయారైన ఈ పెట్టెల్లో పైకప్పు మూసేస్తే బయటి దృశ్యమంటూ ఏదీ కనిపించదు. పరికరాల ముళ్లను చూస్తూ ఒంటికి తగిలే ఊపుతోనే నేర్చుకోవాలి. అక్కడ బొమ్మ లేదు, కదలిక ఒక్కటే ఉంది.

బొమ్మనూ కదలికనూ ఒకేచోట కూర్చాలని గట్టిగా ప్రయత్నించినవాడు సినిమా ఛాయాగ్రాహకుడు మోర్టన్ హైలిగ్. ఆయన 1962లో పేటెంటు పొందిన సెన్సోరమా అనే యంత్రంలో తలదూర్చి కూర్చుంటే, లోతు కనబడే చిత్రంలో బ్రూక్లిన్ వీధుల మీదుగా మోటారుసైకిల్ పోతుంటే సీటు అదురుతుంది, ముఖానికి గాలి కొడుతుంది, వాసనలు వస్తాయి. పెట్టుబడి పెట్టేవారు దొరకక ఆ యంత్రం అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ల తరవాత, 1968లో, ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెరను ప్రకటించాడు. తల ఎటు తిరిగితే గీతల బొమ్మ అటు తిరిగేది, అయితే ఆ పరికరాన్ని పైకప్పు నుంచి ఉక్కు చెయ్యితో వేలాడదీయాల్సి వచ్చింది. ఇక్కడినుంచి రెండు దారులూ విడిపోయాయి. తలకు తగిలించే తెర ప్రయోగశాలల్లోకి వెళ్లింది, కదిలే పీఠం విమాన సంస్థల శిక్షణ కేంద్రాల్లోకి వెళ్లింది.

పీఠం దారిలో జరిగిన పనిని ఇంటి ఆటల గురించి మాట్లాడేవారు తరచూ మరిచిపోతారు గానీ, అసలు తెలివితేటలన్నీ అక్కడే ఉన్నాయి. డన్‌లప్ కంపెనీలో టైర్లను పరీక్షించడానికి ఎరిక్ గాఫ్ ఆరు కాళ్ల యంత్రాన్ని తయారుచేశాడు, 1965లో డి. స్టీవార్ట్ రాసిన పత్రం అటువంటి పీఠాన్ని విమాన శిక్షణకు ప్రతిపాదించింది. పొడుగు పెరిగి తగ్గే ఆరు కాళ్ల మీద నిలిచిన బల్ల ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ జరుగుతుంది, మూడు దిక్కులా వంగి తిరుగుతుంది కూడా. అయితే విమానం రన్‌వే మీద మైళ్లకొద్దీ వేగం పుంజుకుంటుంది, పీఠానికేమో నాలుగడుగుల జాగా మించి లేదు. దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఈ చరిత్రంతటిలోకీ అందమైనదిగా తోస్తుంది. సీటును మెల్లగా వెనక్కి వంచితే భూమ్యాకర్షణ వీపును సీటుకు అదుముతుంది. ఎదుట బొమ్మ నేలకు సమంగానే పరుగెత్తుతుంటే, చెవిలోని స్ఫటికాలకు వంపుకూ వేగం పెరగడానికీ తేడా తెలియదు కనుక, మెదడు ఆ అదుమును వేగమనే నమ్ముతుంది. ఆ తరవాత మనిషి కనిపెట్టలేనంత నిదానంగా పీఠాన్ని మళ్లీ మధ్యకు తెచ్చి, రాబోయే కదలికకు సిద్ధం చేస్తారు. చేసేది మోసమే, కాకపోతే చెవి ఒప్పుకునే మోసం.

ఆటల లోకంలోకి కదలిక 1980లలో జపాన్ ఆర్కేడ్ల (డబ్బులిచ్చి ఆడే వీడియో గేమ్ కేంద్రాల) ద్వారా వచ్చింది. సెగా సంస్థ 1985లో తెచ్చిన హ్యాంగ్-ఆన్ ఆటలో ఆడేవాడు నిజమైన బండిలాంటి దాన్ని ఎక్కి ఒళ్లంతా వంచి నడిపేవాడు. 1990లో అదే సంస్థ చేసిన ఆర్360 మనిషిని తలకిందులుగా తిప్పేసేది. 1991లో బ్రిటన్ నుంచి వర్చువాలిటీ అనే ఆర్కేడ్ వీఆర్ యంత్రాలు వచ్చాయి. ఇంటికోసం నింటెండో 1995లో అమ్మిన వర్చువల్ బాయ్ ఎర్రటి బొమ్మలు చూపి ఏడాది తిరక్కుండానే మూతబడింది. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మలుపు తిప్పింది సెల్‌ఫోన్. ఫోన్ అడ్డం తిప్పితే బొమ్మ అడ్డం తిరగడానికి అందులో పెట్టిన, తిరుగుడునూ వేగంలో మార్పునూ కొలిచే చిన్న గైరోస్కోపులూ యాక్సిలరోమీటర్లూ, పలుచని తెరలూ కోట్లలో తయారై చవకబడ్డాక, సదర్లాండ్ పైకప్పుకు వేలాడదీసిన పని తలకు కట్టుకునే పెట్టెలో ఇమిడిపోయింది. 2012లో పామర్ లకీ ఆకులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం, తయారీకి ముందే జనం దగ్గర సొమ్ము సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో ఇరవైనాలుగు లక్షల డాలర్లకు పైగా సేకరించాడు. 2014లో ఫేస్‌బుక్ ఆకులస్ సంస్థను కొన్నది. 2016లో రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్, ప్లేస్టేషన్ వీఆర్ హెడ్‌సెట్లు ఒకదాని వెంట ఒకటి అంగళ్లలోకి వచ్చాయి. తల తిప్పిన తరవాత బొమ్మ తిరగడానికి 20 మిల్లీసెకన్లకు మించి పట్టకూడదన్నది అప్పటి ఇంజినీర్లు పెట్టుకున్న గీత. ఆ గీతను కంటివరకు దాదాపు అందుకున్నారు, శరీరాన్ని మాత్రం కుర్చీలోనే వదిలేశారు.

అందుకే ఆటలు తయారుచేసేవారు ముందు దొడ్డిదారులు వెతికారు: నడవడానికి బదులు వేలు చూపినచోటికి గెంతడం, కదిలేటప్పుడు చూపు అంచుల్ని చీకటి చేయడం. వైవ్ మరో దారి చూపింది. హెడ్‌సెట్ ఎక్కడుందో కనిపెట్టడానికి గది మూలల్లో పెట్టిన రెండు పెట్టెల సాయంతో మనిషి నిజంగానే నడవవచ్చు, నడిస్తే కడుపు తిప్పదు. కాకపోతే అందుకు తక్కువలో తక్కువ రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఖాళీ నేల కావాలి. మంచం, బీరువా, చదువుకునే బల్ల ఉన్న పదిపది గదిలో అంత ఖాళీ ఎక్కడుంటుందో మన ఇళ్లు చూసినవారికి చెప్పనక్కర్లేదు.

ఆ ఇరుకుకు జవాబుగా వచ్చిందే నడిచే పళ్లెం. 2013లో కిక్‌స్టార్టర్‌లో పదకొండు లక్షల డాలర్లు సంపాదించిన వర్చుయిక్స్ సంస్థవారి ఆమ్ని అటువంటిది: జారుడు గిన్నెలాంటి పళ్లెంలో ప్రత్యేకమైన బూట్లతో నిలబడి, నడుముకు కట్టిన వలయం ఆసరాతో ఉన్నచోటే నడవాలి. అయితే పరికరం బరువూ పరిమాణమూ, ఒక్కో దేశంలో ఒక్కో నిబంధనా కలిసి రవాణాను గుదిబండ చేయడంతో, 2016 చివర్లో ఆ సంస్థ అమెరికా బయటి మద్దతుదారుల ఆర్డర్లు రద్దుచేసి సొమ్ము వెనక్కి ఇచ్చింది. పైగా గిన్నెలో కాలు జారడం నడక కాదు. అడుగు ముందుకు పడుతుంది, ఒళ్లు ముందుకు పోదు, చెవి ఆ సంగతి మరిచిపోదు.

కూర్చుని ఆడే కారు, విమానం ఆటలకు కదిలే సీటు ఇంతకంటే బాగా అతికింది, ఎందుకంటే అక్కడ నిజ జీవితంలోనూ మనిషి కూర్చునే ఉంటాడు. సీటు కింద బిగించి ఇంజిన్ అదురును మాత్రమే ఇచ్చే పరికరాల నుంచి, 2018లో కిక్‌స్టార్టర్‌కు వచ్చిన యా వీఆర్ వంటి తిరిగే గిన్నె సీట్లదాకా రకరకాలు వచ్చాయి. అక్కడ కొత్త చిక్కు ఎదురైంది. సీటు పది డిగ్రీలు వెనక్కి వంగితే తలా వంగుతుంది. డ్రైవరు తల ఎత్తి ఆకాశం చూస్తున్నాడని హెడ్‌సెట్ అనుకుని, బొమ్మలోని స్టీరింగునూ అద్దాన్నీ కిందికి తోసేస్తుంది. లింక్ పెట్టెలో హెడ్‌సెట్ లేదు, సదర్లాండ్ తెరకు సీటు లేదు కనుక వారికి ఈ తగువు రాలేదు. దీన్ని తీర్చడానికి సీటు చట్రానికే ఇంకో ట్రాకర్ బిగించి, తల కదలికలోంచి సీటు కదలికను సాఫ్ట్‌వేర్‌తో తీసివేస్తారు. ఆ తీసివేత లెక్కలో కాస్త ఆలస్యమైనా, మా మేనల్లుడి చెయ్యి నాకు చేసిన పనే అది కూడా చేస్తుంది.

జాతర ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్ పక్కన ఏడు డీ, తొమ్మిది డీ అని బోర్డు కట్టుకునే గుడారాల్లో ఈ తీసివేత బాధ అంతగా ఉండదు, ఎందుకంటే అక్కడ చిత్రం ముందే తీసి పెట్టుకున్నది, సీటు ఊపు దానికి ముందే రాసి పెట్టుకున్నది. (ఆ తొమ్మిది డీలు ఏవో లెక్కపెట్టి చెప్పినవారిని నేనింకా చూడలేదు.) ఇంటి ఆటలో ఆడేవాడు ఎటు తిప్పుతాడో యంత్రానికి ముందు తెలియదు.

మా మేనల్లుడు ఇప్పుడు సొంతంగా ఒక సీటు కడుతున్నాడు. కారు వైపర్ మోటార్లతో, చిన్న సర్క్యూట్ బోర్డుతో, ఆటలోని కదలికను మోటార్లకు అందించే సిమ్‌టూల్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఇళ్లలో ఇటువంటివి చేసుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. చట్రం విషయానికొస్తే ఇక్కడి వెల్డింగ్ షాపులో అతకలేని ఇనుప గొట్టమేదీ అందులో లేదు. పాత సామాన్ల కొట్లో రెండు మోటార్లు కొన్నాడు. ఇన్వర్టరు మీద కంప్యూటరు మాత్రమే పెట్టి మోటార్లను వదిలేస్తే, కరెంటు పోయిన క్షణంలో సీటు వంగినచోటే బిగుసుకుపోయి బొమ్మ ఒక్కటే పరుగెడుతుందని గ్రహించి, కరెంటు పోగానే ఆట ఆగిపోయేటట్టు ఒక రిలే (దానంతటదే పడే స్విచ్చి) పెట్టాడు. కిందివాటాలో అద్దెకున్నవారికి అదురు వినబడకుండా చట్రం కింద పాత స్కూటర్ టైరు ముక్కలు పరిచాడు. మొన్న ఫోన్ చేసినప్పుడు, ముందుకూ వెనక్కూ వంపు బాగానే వస్తోందనీ, పక్కవంపు మాత్రం బొమ్మకంటే ఇంకా వెనకబడుతోందనీ చెప్పాడు. ఈలోగా నేలమీద సుద్దతో చట్రం కొలత గీసి చూపిస్తే, మంచం ఎక్కడ వేసుకుంటావురా అని మా అక్క అడిగిందట.